శాన్‌ఫ్రాన్సిస్కో నగర కళాశాల: అధ్యాపకుల ప్రతిఘటన

భాషాల్పసంఖ్యాకులమైన మనకు లెక్కలతో నిత్యమును పని యుండును. 1949వ సంవత్సరము ఆగస్టు మాసమున రాష్ట్రముల విద్యామంత్రుల సమావేశము చేసిన తీర్మానము మన సంఘములలోని పెద్దలకు కంఠస్థము. పాఠశాల మొత్తములో 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని పిల్లలున్నచో వారి మాతృభాషలో బోధించుటకు ఉపాధ్యాయుని నియమింపవలెను. అది మనకు రక్షణయే, సందేహము లేదు. అయినను ఆ రక్షణ పదవ బిడ్డతో మొదలై, తొమ్మిదిమంది మిగిలిన నాడు ముగియును. చెన్నపట్టణమున గాని, బరంపురమున గాని, షోలాపురమున గాని తెలుగు తరగతి మూతపడునపుడు చదువు చెడ్డదని సామాన్యముగా నెవ్వరు ననరు. పిల్లలు చాలరని మాత్రమే అందురు.

లెక్కించువా రెవరు, దేనిని లెక్కింతురు అను ప్రశ్న మనకు మిక్కిలి దూరమైన యొక నగరమున గత దశాబ్దిలో పెద్ద పోరాటమునకు దారితీసెను. ఆ నగరము కాలిఫోర్నియాలోని శాన్‌ఫ్రాన్సిస్కో. ఆ చరిత్రను మన పాఠకుల కొకింత వివరముగా చెప్పదలచితిమి. మన కుటుంబముల పిల్లలు ఎందరో ఉద్యోగములకై ఆ ప్రాంతము చేరిరి గాని, ఈ కళాశాల కథ వారి ఉత్తరములలో అరుదుగానే వచ్చును.

ముందుగా ఒక మాట. అమెరికాలో ‘కమ్యూనిటీ కళాశాల’ యనునది మన యింటర్మీడియెట్ జూనియర్ కళాశాల వంటిది కాదు. ఉన్నత పాఠశాల ముగించినవారికి విశ్వవిద్యాలయపు మొదటి రెండేండ్ల చదువు, వృత్తివిద్యలు, వయోజనవిద్య, వలస వచ్చినవారికి ఆంగ్లము, ఇవన్నియు ఒకే కప్పు క్రింద తక్కువ ఖర్చుతో దొరకు స్థలమది. షికాగో విశ్వవిద్యాలయపు తొలి అధ్యక్షుడు విలియం రైనీ హార్పరు ఈ రెండేండ్ల చదువునకు ‘జూనియర్ కళాశాల’ యని పేరు పెట్టెను. ఉన్నత పాఠశాలలే ఆ చదువు చెప్పవచ్చునని కాలిఫోర్నియా 1907లో శాసనము చేసెను. 1960లో ఆ రాష్ట్రమే ఉన్నతవిద్యకు ఒక మహాప్రణాళికను రచించి, తెలివిలో ముందున్న ఎనిమిదవ వంతు విద్యార్థులను విశ్వవిద్యాలయమునకును, మూడవ వంతును రాష్ట్ర కళాశాలలకును కేటాయించి, జూనియర్ కళాశాలల తలుపులను మాత్రము అందఱికిని తెరచి యుంచెను. 1984 వరకు ఆ కళాశాలలలో రాష్ట్రవాసుల వద్ద బోధనారుసుము లేదు. ఆ యేడు గరిష్ఠముగా 50 డాలర్లు టెర్మునకు విధించిరి. తలుపు మూయలేదు గాని గడప కొంచె మెత్తైనది.

శాన్‌ఫ్రాన్సిస్కోలో ఈ కళాశాల 1935లో, ఆర్థికమాంద్యపు నడిమి రోజులలో, పుట్టెను. సొంత భవనము లేదు. నగరమున ఇక్కడొక గది, అక్కడొక గది దొరకగా పాఠములు సాగెను. విద్యార్థులు ఒక పాఠము నుండి మరియొక పాఠమునకు ట్రాముబండి యెక్కి పోవుచుండిరి గనుక దానిని ‘ట్రాముబండి కళాశాల’ యని పరిహాసముగా పిలిచిరట. 1940లో బాల్బోవా పార్కు కడ సొంత భవన మేర్పడెను. ఆ యేడే అక్కడి అంతర్జాతీయ ప్రదర్శనమున మెక్సికో చిత్రకారుడు దియేగో రివేరా జనుల కండ్లయెదుట చిత్రించిన బృహత్కుడ్యచిత్రము ఈ కళాశాలకు దక్కెను. దాని పొడవు 74 అడుగులు. రెండు అమెరికా ఖండముల శ్రమను, శిల్పమును ఒక్క గోడపై చేర్చిన ఆ చిత్రము ఎందఱో ధనికుల మ్యూజియములను కాదని బీదపిల్లలు చదువు చోటికి చేరుట మాకు ముచ్చట గొలుపును. ఆ పటమును పరచదగిన గోడ యొకటి ఏర్పడుటకు మాత్రము 1961 దాక పట్టెను.

ఈ కళాశాల కాలక్రమమున నగరపు ప్రతిబింబమే అయ్యెను. చైనా నుండి, ఫిలిప్పీన్స్ నుండి, మెక్సికో నుండి, మధ్య అమెరికా నుండి వచ్చినవారికి ఆంగ్లమును, పౌరసత్వ పరీక్షకు కావలసిన పాఠములను ఉచితముగా చెప్పెను. పగలు హోటలులో వంటచేసి రాత్రి తరగతికి వచ్చువారు, పింఛను పుచ్చుకొను వృద్ధులు, నర్సు పనికి శిక్షణ పొందువారు, బర్క్‌లీ విశ్వవిద్యాలయము చేరదలచిన యువకులు, అందఱు నొకే ఆవరణలో కనబడుచుండిరి. 1970లో ఫిలిప్పీన్ విద్యలకు ప్రత్యేక శాఖ ఏర్పడెను. వలసవచ్చిన ఒక చిన్న జాతి తన భాషకును చరిత్రకును ఒక సార్వజనిక కళాశాలలో పీఠము సంపాదించుట యెంత కష్టమో మనకు చెప్పనక్కరలేదు. 2012 నాటికి ఈ కళాశాలలో సుమారు 85 వేల మంది చదువుచుండిరి.

అధ్యాపకుల పరిస్థితియు ఇతర చోట్లకంటె మెరుగు. ఒక్కొక్క శాఖకు అధిపతిని ఆ శాఖలోని అధ్యాపకులే ఎన్నుకొందురు. గంటల లెక్కన పనిచేయు అధ్యాపకులకు సయితము పూర్తికాలపువారి జీతమునకు సమీపమైన జీతమును, ఆరోగ్యబీమాయు ఉండెను. 1988లో కాలిఫోర్నియా చేసిన శాసనము కమ్యూనిటీ కళాశాలల పరిపాలనలో, ముఖ్యముగా పాఠ్యవిషయములలో, అధ్యాపకుల సభలకు మాట చెల్లునట్లు చేసెను. తరువాత కలహము దీనిపైననే వచ్చినది.

విద్యను కర్మాగారపు కొలబద్దతో కొలుచుట క్రొత్త సంగతి కాదు. 1910లోనే కార్నెగీ విద్యాసంస్థ మోరిస్ కుక్ అను యంత్రశాస్త్రజ్ఞునిచే ఒక నివేదిక వ్రాయించెను. కర్మాగారములలో పనివాని చేతి కదలికలను గడియారముతో లెక్కించిన ఫ్రెడరిక్ టేలరునకు ఆయన శిష్యుడు. విశ్వవిద్యాలయముల భౌతికశాస్త్ర శాఖలను పరిశీలించి, ఒక విద్యార్థికి ఒక గంట బోధించుటను ఒక ప్రమాణముగా తీసికొని, దాని ఖరీదెంతయో కట్టవలెనని సూచించెను. ఎనిమిదేండ్లకు, 1918లో, తార్‌స్టైన్ వెబ్లెన్ అను ఆర్థికశాస్త్రవేత్త వ్యాపారులు విద్యాలయములను నడుపు తీరును ఎత్తిపొడుచుచు ఒక గ్రంథమే వ్రాసెను. శతాబ్దము గడచినను వాదములోని ఇరుపక్షములును దాదాపు అవే మాటలు చెప్పుట విచిత్రము.

2008 ఆర్థిక సంక్షోభముతో ఈ పాత వాదమునకు క్రొత్త బలము వచ్చెను. నాలుగేండ్లలో కాలిఫోర్నియా కమ్యూనిటీ కళాశాలలకు ప్రభుత్వము సుమారు 80 కోట్ల డాలర్లు తగ్గించెను. అదే కాలమున, 2009లో, అధ్యక్షుడు ఒబామా కమ్యూనిటీ కళాశాలల నుండి 2020 నాటికి అదనముగా 50 లక్షల మంది పట్టములు, ధ్రువపత్రములు పొందవలెనని లక్ష్యము ప్రకటించెను. గేట్స్, లుమినా వంటి ధనిక సంస్థలు పట్టము పూర్తిచేయించుటయే కళాశాల పరమార్థమని ప్రచారము సాగించెను. డబ్బు తగ్గవలెను, పట్టములు పెరుగవలెను! కాలిఫోర్నియాలో నియమింపబడిన ఒక సంఘము 2012 జనవరిలో ఇచ్చిన నివేదిక ఈ మార్గమునే త్రొక్కెను. చదువు ప్రణాళికను ముందుగా దాఖలు చేసినవారికి సీట్లలో ప్రాధాన్యము. ఏండ్ల తరబడి చదివి నూరు యూనిట్లు దాటినవారికి ఆ ప్రాధాన్యము పోవును. అది అదే సంవత్సరమున శాసనమయ్యెను.

పైకి చూచిన ఇందులో తప్పేమి యున్నది? చేరినవారిలో అనేకులు పట్టము పొందకయే మానుచుండిరన్న మాట నిజము. అది బీదపిల్లలకు జరుగుచున్న అన్యాయమని సంస్కర్తలు చెప్పిన దానిలో నిజాయితీ లేకపోలేదు. శాన్‌ఫ్రాన్సిస్కో అధ్యాపకులు దానిని కాదనలేదు. వారి అభ్యంతరము వేరు. ఆంగ్లము నేర్చుకొని ఉద్యోగము సంపాదించి వెడలిపోయిన వంటమనిషి ఈ లెక్కలో ‘విఫలుడు’. ఒక్క గణితపాఠము చదివి తన పని మెరుగుపరచుకొన్న వడ్రంగియు విఫలుడే. ఏడేండ్లు పట్టినను, పిల్లలను పెంచుచు, రాత్రిళ్లు చదివిన తల్లి ఆలస్యమునకు గురుతు. రెండేండ్లలో పట్టము పుచ్చుకొను పదునెనిమిదేండ్ల కుఱ్ఱవా డొక్కడే లెక్కకు వచ్చునచో, కళాశాల కాలక్రమమున వానికొఱకే మిగులును. ఈ వాదము మాకు సమంజసముగా తోచుచున్నది.

2012 జులైలో అసలు దెబ్బ తగిలెను. అమెరికాలో కళాశాలలకు గుర్తింపు నిచ్చునది ప్రభుత్వము కాదు. మన దేశమున 1994 నుండి పనిచేయుచున్న న్యాక్ ప్రభుత్వపు ఏర్పాటు కాగా, అక్కడ కళాశాలలే సభ్యులుగా గల స్వతంత్ర సంఘములు ఆ పని చేయును. కాని ఆ గుర్తింపు లేనిదే విద్యార్థులకు కేంద్రప్రభుత్వ సాహాయ్యము దొరకదు. తరగతిలో సంపాదించిన యూనిట్లను విశ్వవిద్యాలయములు అంగీకరింపవు. అనగా గుర్తింపు పోయిన కళాశాల బ్రతుకదు. పశ్చిమ రాష్ట్రముల రెండేండ్ల కళాశాలలను పరిశీలించు సంఘము శాన్‌ఫ్రాన్సిస్కో కళాశాలకు 14 సూచనలు పంపి, గుర్తింపు ఎందుకు తీసివేయకూడదో కారణము చూపుమని ఆదేశించెను. బోధనలో లోపమున్నదని ఆ సూచనల సారాంశము కాదు. నిల్వధనము చాలదు, పరిపాలకుల సంఖ్య తక్కువ, జీతములకును సౌకర్యములకును రాబడిలో తొంబది శాతమునకు మించి పోవుచున్నది, ఆశయము మితిమీరి విశాలముగా నున్నది, విద్యార్థులు ఏమి నేర్చిరో కొలిచి చూపు పత్రములు సరిగా లేవు. ఇవి ముఖ్యమైన ఆరోపణలు.

ఇందు కొన్ని నిజములే. కళాశాల జమాఖర్చులు బాగుగా లేవు. చేతిలో సొమ్ము లేకున్నను తరగతులను నిలుపుకొనుటకు పాలకులు కటకటపడుచుండిరి. జీతములు తగ్గకుండుటకై నిల్వధనమును కరిగించిరి. అధ్యాపకుల యూనియను తరువాతి కాలమున వ్రాసిన కరపత్రములలో ఈ సంగతి పలుచబడుట చూచి మేము కొంత నొచ్చుకొంటిమి. వారి పక్షము బలమైనది. దానిని ఒప్పుకొన్నను వారికి నష్టము రాకుండెడిది. అయినను రాష్ట్రము డబ్బు తగ్గించిన యేండ్లలో పేదల తరగతులను మూయక నిల్వధనము వాడిన కళాశాలను, నిల్వధనము వాడినదను కారణముననే మూయవలెననుట ఏ విధమైన న్యాయమో మాకు బోధపడదు.

నగరప్రజలు ఊరకుండలేదు. 2012 నవంబరులో ప్రతి స్థలముపైనను ఏటికి 79 డాలర్ల పన్ను తమపై తామే విధించుకొని కళాశాలకు డబ్బు సమకూర్చిరి. అట్టి పన్నునకు మూడింట రెండువంతుల ఓట్లు కావలెను. అంతకు మించియే వచ్చెను. అయినను పరిపాలకులు సంస్కరణలను నిలుపలేదు. ఎన్నికైన శాఖాధిపతుల అధికారమును తగ్గించి, పైనుండి నియమింపబడిన డీనులకు కట్టబెట్టిరి. జీతములు కోసిరి. అధ్యాపకులు ప్రతి పాఠమునకు, విద్యార్థి సాధింపవలసిన ఫలితములను పట్టికలుగా వ్రాసి, వానిని కొలిచి, కొలతలను కంప్యూటరులో నింపుటకు గంటలు గంటలు వెచ్చింపవలసివచ్చెను. పాఠము సిద్ధము చేసికొను వేళ పట్టికలు నింపుటకు పోవుచున్నదని వారు మొఱ పెట్టిరి. చిన్నదే యని తోచు ఈ మొఱలో మా కొక పెద్ద సంగతి కనబడుచున్నది. పని నెరిగినవాడు పనిని గూర్చి చెప్పు మాట కంటె, ఆ పనిని గూర్చి పూరింపబడిన పత్రమునకు ఎక్కువ విలువ కట్టుట కంపెనీ పద్ధతికి ఆయువుపట్టు.

2013 జులై మొదటి వారమున గుర్తింపు సంఘము తన తీర్పు ప్రకటించెను. 2014 జులై 31తో గుర్తింపు రద్దు. వెంటనే రాష్ట్రాధికారులు నగరప్రజలు ఎన్నుకొన్న ఏడుగురు ధర్మకర్తల అధికారమును తీసివేసి, ఒక్క ప్రత్యేక ధర్మకర్తకు సర్వాధికారముల నిచ్చిరి. రెండేండ్ల పాటు ఓటు వేసినవారి ప్రతినిధులకు కళాశాల వ్యవహారములలో చోటు లేకపోయెను. తల్లిదండ్రులు, విద్యార్థులు ఈ వార్త విని ఏమి చేసిరో ఊహించుట కష్టము కాదు. మూతపడబోవు కళాశాలలో ఎవరు చేరుదురు? పదుల వేల మంది తప్పుకొనిరి. విద్యార్థులు తగ్గగా రాబడి తగ్గెను. రాబడి తగ్గగా తరగతులు తగ్గెను. తరగతులు తగ్గగా మరికొందఱు వెడలిరి.

అధ్యాపకులు అప్పటికే ఒక మార్గము త్రొక్కి యుండిరి. 2013 ఏప్రిలులో వారి యూనియనును, రాష్ట్ర ఉపాధ్యాయ సమాఖ్యయు కేంద్ర విద్యాశాఖకు వందలాది పుటల ఫిర్యాదు పంపెను. పరిశీలకులను పరిశీలింపుడని దాని తాత్పర్యము. ఆగస్టులో వచ్చిన ప్రత్యుత్తరము వారికి బలమిచ్చెను. కళాశాలను పరిశీలించిన బృందములో గుర్తింపు సంఘాధ్యక్షురాలి భర్త సభ్యుడుగా నుండుట పక్షపాతమునకు తావిచ్చునని, బృందములో బోధించువారు చాలినంత మంది లేరని విద్యాశాఖ తేల్చెను. వింటిరా! కళాశాలలో పరిపాలకులు చాలరని తప్పుపట్టిన సంఘమే, బోధనను పరిశీలించుటకు బోధకులను చాలినంతగా పంపలేదు. ఆ నెలలోనే నగర న్యాయవాది డెనిస్ హెర్రేరా సంఘముపై దావా వేసెను.

2014 జనవరి 2న న్యాయమూర్తి కర్టిస్ కార్నో, విచారణ ముగియువఱకు గుర్తింపు తీసివేయరాదని ఉత్తరువు చేసెను. ఆ యేడు అక్టోబరులో విచారణ జరిగెను. 2015 ఆరంభమున వెలువడిన తీర్పులో సంఘము చట్టమును ఉల్లంఘించెనని నిర్ణయించెను. 2013లో సంఘము తన పరిశీలక బృందము చూపని క్రొత్త లోపములను చేర్చి, వానికి సమాధానము చెప్పుకొనుటకు కళాశాలకు అవకాశ మియ్యలేదనుట అందు ప్రధానమైనది. నగర న్యాయవాది చేసిన ఆరోపణలన్నిటిని న్యాయస్థానము అంగీకరింపలేదు. గుర్తింపు నిమ్మని కూడ ఆజ్ఞాపింపలేదు. పునఃపరిశీలన కోరుకొను హక్కు మాత్రము కళాశాలకు ఇచ్చెను. దీనిని సంపూర్ణ విజయముగా చెప్పువారు తీర్పును పూర్తిగా చదివియుండరు.

కోర్టులో ఊరట లభించినను కళాశాల లోపల తగవు తీరలేదు. తరగతులను నాల్గవవంతు వరకు తగ్గించు యోచనను అధ్యాపకులు బయటపెట్టిరి. 2016 ఏప్రిల్ 27న వారు ఒక్కరోజు సమ్మె చేసిరి. ఆ కళాశాల చరిత్రలో అదియే మొదటి సమ్మె. జీతముల మాట అందు లేకపోలేదు. ఇండ్ల అద్దెలు ఆకాశమంటిన నగరమున జీతము కోసిన తరువాత ఎవరైనను ఆ మాట అడుగుదురు. వేసవిలో రాజీ కుదిరెను. నవంబరులో నగరప్రజలు 50 లక్షల డాలర్లకు మించిన ఆస్తుల విక్రయముపై పన్ను పెంచిరి. ఆ రాబడి అండగా 2017 శరత్కాలము నుండి నగరవాసులందఱికిని బోధనారుసుము రద్దయ్యెను. 1984లో ఎత్తైన గడప ఆ నగరమువఱకు మరల నేలమట్టమయ్యెను. అంతకు మునుపే, 2017 జనవరిలో, గుర్తింపు సంఘము ఏడేండ్లకు పూర్తి గుర్తింపు నిచ్చెను.

ఇది ఒక్క నగరపు గొడవ కాదు. షికాగో నగరమున ఏడు కళాశాలలకు 2010లో ‘పునఃసృష్టి’ యను పేరుతో సంస్కరణ మొదలుపెట్టిన ఛాన్సలరు విద్యుత్ కంపెనీలో ఉన్నతోద్యోగము చేసినయామె. తానును ఆ కళాశాలలలో చదువుకొన్నదే. ఒక్కొక్క కళాశాలకు ఒక్కొక్క వృత్తిని కేటాయించగా, శిశువిద్యా శిక్షణ నగరపు ఉత్తరపు కొసకు చేరెను. దక్షిణభాగపు బీదతల్లులు అంతదూర మెట్లు పోగలరని అధ్యాపకులు అడిగిరి. 2016 ఫిబ్రవరిలో వారి మండలి అవిశ్వాసము ప్రకటించెను; ఆ వేసవిలో ఛాన్సలరు తప్పుకొనుచున్నట్లు తెలిపెను. న్యూయార్కు నగర విశ్వవిద్యాలయమునందును 2013లో, పాఠ్యక్రమమును పైనుండి మార్చిన పథకముపై ఓటు వేసిన పూర్తికాలపు అధ్యాపకులలో 92 శాతము మంది అవిశ్వాసము తెలిపిరి.

శాన్‌ఫ్రాన్సిస్కో అధ్యాపకులు గెలిచిరా? కళాశాల నిలిచినది. పోయిన విద్యార్థులు మాత్రము పూర్తిగా తిరిగి రాలేదు. 2018లో రాష్ట్రము నిధుల పంపకమునకు క్రొత్త సూత్ర మేర్పరచి, విద్యార్థుల సంఖ్యతోపాటు పట్టములు, ధ్రువపత్రములు, విశ్వవిద్యాలయమునకు పోయినవారి లెక్కను గూడ అందు చేర్చెను. అధ్యాపకులు 2012లో దేనిని ఎదిరించిరో అది కళాశాల బొక్కసములోనికే వచ్చి కూర్చుండెను. 2022 మే మాసమున ముప్పదిమందికి పైగా పూర్తికాలపు అధ్యాపకులకు ఉద్వాసన చెప్పిరి.

ఆ యేడాదికి సంబంధించిన మరియొక సంగతి గలదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదట స్థిరపడిన చైనీయుల యింటిభాష కాంటనీసు. చైనా బజారు వీధులలో తరతరములుగా అదే వినబడును. నేటి వ్యాపార ప్రపంచమున మాండరినుదే పైచేయి. కళాశాలలో కాంటనీసు తరగతులు ఉండెను గాని అవి ఏ పట్టమునకు గాని, ధ్రువపత్రమునకు గాని మెట్లు కావు. తాతమ్మతో మాట్లాడవలెనని చేరిన మనుమరాలు, రోగుల మాట అర్థము కావలెనని చేరిన నర్సు అందలి విద్యార్థులు. క్రొత్త సూత్రము ప్రకారము అట్టి తరగతులకు నిధులలో విలువ తక్కువ గనుక అవి తొలగిపోవు ప్రమాద మేర్పడెను. 2021-22లో ఆ భాషాభిమానులు ధర్మకర్తల సభలకు వచ్చి వాదించిరి. చివరకు కళాశాల వారు కాంటనీసులో ధ్రువపత్రపు పాఠ్యక్రమ మొకటి యేర్పరచుటకు పూనుకొనిరి. తాతమ్మతో మాట్లాడుటకు వచ్చినవారును ఇప్పుడు లెక్కకు వచ్చుచున్నారు, ధ్రువపత్రము పుచ్చుకొన్నచో.